యూకేలో డీబీఎస్ చెక్: ఫారమ్ తెరవకముందు నుంచి సర్టిఫికెట్ చేతికొచ్చాక దాకా

నేను ఓ కేర్ హోమ్ ఆఫీసులో పని చేస్తా, కొత్తగా చేరేవాళ్ళ ఐడీలు చూసేది నేనే, శనివారాలు పిల్లల తెలుగు క్లాసు దగ్గర వాలంటీర్ల పేపర్లు కూడా నా నెత్తి మీదే పెట్టారు. అందుకని నా ఫోన్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "అక్కా, డీబీఎస్ అడుగుతున్నారు, ఏం చెయ్యాలి, ఎన్ని రోజులు పడుతుంది". ఒక్కొక్కరికీ వాయిస్ నోట్ పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

డీబీఎస్ అంటే డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్, ఉద్యోగంలో చేరేవాళ్ళ మీద నేర రికార్డు ఉందా అని చూసి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ.

ముందే ఒక మాట. ఈ చెక్‌లో పోలీసుల దగ్గర ఇరుక్కునేవాళ్ళు చాలా తక్కువ. మనవాళ్ళు ఇరుక్కునేది పేరు దగ్గర, అడ్రస్ దగ్గర. ఆ రెండూ ఫారమ్ తెరవకముందే కాగితం మీద తేల్చుకుంటే మిగతాదంతా ఓ అరగంట పని.

ఇంకోటి, ఇది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో ఇలాంటి చెక్‌కి డిస్‌క్లోజర్ స్కాట్లండ్ నడిపే పీవీజీ స్కీమ్ ఉంటుంది, 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ రెగ్యులేటెడ్ రోల్స్, అంటే పిల్లలతోనో సాయం అవసరమైన పెద్దవాళ్ళతోనో ఉండే పనులు చేసేవాళ్ళకి అది చట్టప్రకారం తప్పనిసరి. నార్తర్న్ ఐర్లండ్‌లో యాక్సెస్ ఎన్ఐ అంటారు. గ్లాస్గోలో జాబ్ పెట్టుకుని డీబీఎస్ కోసం తిరగొద్దు.

## 1. మీకు ఏ లెవెల్ కావాలో ముందు అడిగి తెలుసుకోండి

డీబీఎస్‌లో నాలుగు రకాలున్నాయి.

- బేసిక్: ఇంకా స్పెంట్ అవ్వని, అంటే చట్టం పెట్టిన గడువు తీరని శిక్షలు, కండిషనల్ కాషన్లు (పోలీసులు షరతు పెట్టి వదిలేసిన హెచ్చరికలు) మాత్రమే చూపిస్తుంది. 16 ఏళ్ళు దాటిన ఎవరైనా గవర్నమెంట్ సైట్లో సొంతంగా పెట్టుకోవచ్చు. 21.50 పౌండ్లు.
- స్టాండర్డ్: స్పెంట్ అయిన శిక్షలు, కాషన్లు కూడా వస్తాయి, ఫిల్టర్ అయినవి, అంటే ఏళ్ళు గడిచి సర్టిఫికెట్లోంచి తీసేసినవి తప్ప. ఇదీ 21.50 పౌండ్లే.
- ఎన్‌హాన్స్‌డ్: పై దానికి తోడు లోకల్ పోలీసులు ఈ ఉద్యోగానికి సంబంధం ఉందనుకున్న సమాచారం కూడా కలుపుతారు. 49.50 పౌండ్లు.
- ఎన్‌హాన్స్‌డ్ విత్ బార్డ్ లిస్ట్: పిల్లలతోనో, సాయం అవసరమైన పెద్దవాళ్ళతోనో పని చెయ్యకుండా నిషేధించిన వాళ్ళ లిస్టులో మీ పేరు ఉందా అని కూడా చూస్తారు. ఇదీ 49.50.

ఈ ఫీజులు 2024 డిసెంబర్‌లో పెరిగినవి. మధ్యలో ఉండే కంపెనీ అడ్మిన్ చార్జీ అని పైన కొంత వేస్తుంది, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

కేర్ హోమ్‌లో స్నానం చేయించడం, తినిపించడం లాంటి పర్సనల్ కేర్ అయితే నాలుగోదే, ఒక్కరోజు చేసినా సరే. పిల్లల వైపు లెక్క వేరు. ఎవరి పర్యవేక్షణా లేకుండా చదువు చెప్పడం, చూసుకోవడం లాంటివి వారానికి ఒకసారైనా, లేదా 30 రోజుల్లో 4 రోజులైనా, లేదా రాత్రి 2 నుంచి 6 మధ్య వాళ్ళతో ఉండేలా అయినా, అది రెగ్యులేటెడ్ యాక్టివిటీ అవుతుంది, అంటే దానికీ నాలుగో రకమే.

ఇక్కడ మనవాళ్ళు చేసే మొదటి తప్పు, ఇంకా జాబ్ రాకుండానే "ముందు డీబీఎస్ చేయించుకుని రెడీగా ఉందాం" అని బేసిక్ తీసేసుకోవడం. కేర్ కంపెనీ దాన్ని చూసి పక్కన పడేస్తుంది, 21.50 పోయినట్టే. ఎన్‌హాన్స్‌డ్ మీరు నేరుగా పెట్టుకునేది కాదు, రిజిస్టర్డ్ బాడీ (డీబీఎస్ దగ్గర నమోదైన సంస్థ) గానీ అంబ్రెల్లా బాడీ (వేరే సంస్థల తరఫున అప్లికేషన్లు పంపే నమోదైన సంస్థ) గానీ ద్వారానే వెళ్ళాలి, మామూలుగా మీ ఎంప్లాయరే లింక్ పంపిస్తాడు.

వాట్సాప్ గ్రూపుల్లో "కేర్ జాబ్ గ్యారంటీ, ముందు డీబీఎస్‌కి 120 పౌండ్లు కొట్టండి" టైపు మెసేజ్ వస్తే, ఇంటర్వ్యూ లేదు, కంపెనీ పేరు లేదు, డబ్బులు మాత్రం ఎవరిదో పర్సనల్ అకౌంట్‌కి అంటే, అది డీబీఎస్ కాదు, దోపిడీ.

జాబ్ ఇచ్చేవాళ్ళని మెయిల్‌లో అడగాల్సినవి:

- ఏ లెవెల్?
- ఏ వర్క్‌ఫోర్స్, అంటే ఎవరితో చేసే పని? చైల్డ్, అడల్ట్, రెండూ, లేక అదర్?
- ఫీజు ఎవరు కడతారు, జీతంలో కోస్తారా?
- ఇండియా పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలా?

## 2. పేరు: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది

ఇంగ్లీషువాళ్ళ పేరు రెండు ముక్కలు. మనది ఇంటిపేరు, దేవుడి పేరు, తాతగారి పేరు, అసలు పేరు, అన్నీ కలిపి ఓ రైలు. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా ఉంటుంది.

మొన్నొక అమ్మాయి వచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో, పక్కన "వెంకట సాయి లక్ష్మి ప్రసన్న" అని నిండుగా ఉంది. బ్యాంక్ స్టేట్‌మెంట్ మీద "మిస్ వి ఎస్ ఎల్ ప్రసన" అని, చివర ఒక ఎన్ ఎగిరిపోయింది. గ్యాస్ బిల్లు మీద భర్త ఇంటిపేరు. ముగ్గురు మనుషులు వచ్చి నా ముందు కూర్చున్నట్టుంది. అమ్మాయి తప్పేం లేదు, కానీ ఆ మూడింటినీ పెట్టుకుని నేను "ఈమె ఈమే" అని సంతకం పెట్టలేను కదా.

చెయ్యాల్సింది ఇదీ:

పాస్‌పోర్టు తీసి అందులో సర్‌నేమ్ గడిలో ఏముందో, గివెన్ నేమ్ గడిలో ఏముందో అక్షరం అక్షరం కాగితం మీద రాసుకోండి. ఫారమ్‌లో అదే వరస, అదే స్పెల్లింగ్. "అందరూ నన్ను ఇలా పిలుస్తారు" అన్నది ఇక్కడ పనికిరాదు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే, సొంత తెలివితో విరగ్గొట్టొద్దు. ఐడీ చూసేవాళ్ళని అడగండి, వాళ్ళు అంబ్రెల్లా బాడీని అడిగి చెప్తారు. ఎలా ఎంటర్ చేశారో ఫోటో తీసి దాచుకోండి, ఎందుకంటే రేపు అప్‌డేట్ సర్వీస్‌లో (దాని గురించి 8లో చెప్తా) అదే కొట్టాలి.

ఇంతకుముందు వాడిన పేర్లు అన్న చోట పెళ్ళికి ముందు పేరు, మార్చుకున్న పేరు, పాత పాస్‌పోర్టులో స్పెల్లింగ్ వేరే ఉంటే అది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనేది సహా అన్నీ రాయండి. చిట్టి, బుజ్జి, పండు అక్కర్లేదు. పేరు దాచినట్టు కనబడితేనే గొడవ, ఎక్కువ పేర్లు రాస్తే ఏం గొడవ లేదు.

పుట్టినరోజు సంగతి కూడా. మనలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, స్కూల్లో వేయించింది ఒకటి. కేక్ ఎప్పుడు కోసుకున్నా మీ ఇష్టం, ఫారమ్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న తేదీయే.

బ్యాంకులో పేరు తప్పుంటే అప్లై చేసే వారం కాదు, ఇవాళే వెళ్ళి సరిచేయించుకోండి. పాస్‌పోర్టు పట్టుకుని బ్రాంచికి వెళ్తే అయిపోయే పని, కానీ కొత్త పేరుతో స్టేట్‌మెంట్ ఇంటికి రావడానికి టైమ్ పడుతుంది.

## 3. 5 ఏళ్ళ అడ్రస్సులు

గడిచిన 5 ఏళ్ళలో మీరు ఉన్న ప్రతి చోటూ, నెలల మధ్య ఖాళీ లేకుండా కావాలి. ఇండియాలో ఉన్నవి కూడా. హాస్టల్, పీజీ, అత్తగారిల్లు, ఇక్కడికొచ్చాక ఫ్రెండు రూమ్‌లో మూడు వారాలు, అన్నీ.

వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవడం కష్టం అనుకుంటారు గానీ నేను చెప్పే కిటుకు, మీ ఆన్‌లైన్ షాపింగ్ అకౌంట్లో సేవ్ అయిన డెలివరీ అడ్రస్సులు తెరవండి, పాత ఆర్డర్ల తేదీలు చూస్తే ఏ నెలలో ఏ ఇంట్లో ఉన్నారో మొత్తం బయటపడుతుంది. తర్వాత ఫ్లైట్ టికెట్ మెయిల్, ఇంటి అద్దె అగ్రిమెంట్, యూనివర్సిటీ ఆఫర్ లెటర్.

ఇలా రాసుకోండి, కొత్తది పైన:

- ఇప్పుడున్న అడ్రస్, పోస్ట్‌కోడ్, ఏ నెల ఏ సంవత్సరం నుంచి
- దానికి ముందుది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా
- ఇలా 5 ఏళ్ళు నిండేదాకా

ఒక ఇల్లు మార్చిలో వదిలితే తర్వాతది మార్చిలోనే మొదలవ్వాలి. మార్చిలో వదిలి మేలో చేరినట్టు రాస్తే, ఏప్రిల్‌లో ఎక్కడున్నారు అని ఫారమ్ వెనక్కి వస్తుంది. రెండు నెలలు ఇండియా వెళ్ళొచ్చారా, అక్కడ ఎక్కడున్నారో అది రాయండి. సెలవుకని వెళ్ళి ఇక్కడ రూమ్ అద్దె కడుతూనే ఉంటే ఆ రూమే మీ అడ్రస్.

ఊళ్ళో ఇంటికి డోర్ నంబర్ లేదంటారు కొందరు. ఉన్నంతలో ఇంటి పేరో వీధో, ఊరు, మండలం, జిల్లా, పిన్ కోడ్ రాయండి, ఆధార్ మీద ఎలా ఉందో అలాగే.

ఇప్పుడున్న అడ్రస్ గురించి మరీ జాగ్రత్త, సర్టిఫికెట్ కాగితం వచ్చేది అక్కడికే. నెలలో ఇల్లు మారబోతుంటే ముందే చెప్పండి.

## 4. డాక్యుమెంట్లు

ఎక్కువమందికి కావాల్సింది మొత్తం మూడు. ఒకటి పెద్ద డాక్యుమెంట్, అంటే పాస్‌పోర్టో యూకే లైసెన్సో లాంటిది, ఇంకో రెండు దానికి తోడు. ఆ మూడింట్లో కనీసం ఒకటి ఇప్పుడున్న అడ్రస్ చూపించాలి, ఒకటి పుట్టిన తేదీ చూపించాలి. దీంతోపాటు ఇక్కడ పని చేసే హక్కు ఉందా అని ఈవీసా షేర్ కోడ్‌తో (మీ వీసా వివరాలు ఆన్‌లైన్లో చూడనిచ్చే కోడ్) చూస్తారు, అది వేరే చెక్, ఎలాగూ అడుగుతారు కాబట్టి కోడ్ తీసి పెట్టుకోండి.

పనికొచ్చేవి:

- గడువు ఉన్న ఇండియన్ పాస్‌పోర్టు
- యూకే ఫోటో డ్రైవింగ్ లైసెన్స్, ప్రొవిజనల్ (డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేది) అయినా పర్లేదు
- యూకే బ్యాంక్ స్టేట్‌మెంట్, 3 నెలల లోపుది
- కరెంటు, గ్యాస్, నీళ్ళ బిల్లు, 3 నెలల లోపుది
- కౌన్సిల్ టాక్స్ బిల్లు, 12 నెలల లోపుది
- పీ45 లేదా పీ60 (ఎంప్లాయర్ ఇచ్చే జీతం, టాక్స్ కాగితాలు), 12 నెలల లోపుది

పనికిరానివి: ఆధార్, పాన్, ఓటర్ కార్డు, ఇండియాలో ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, మొబైల్ బిల్లు, జిరాక్సులు, ఫోన్లో తీసిన ఫోటోలు. ఆధార్ ఎందుకు చెల్లదు అని నాతో వాదించినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనేం చెయ్యను, లిస్టులో లేదు.

షేర్డ్ ఇంట్లో ఉండే స్టూడెంట్స్‌కి ఇక్కడ నిజంగా కష్టమే. బిల్లులన్నీ ఓనర్ పేరు మీద, కౌన్సిల్ టాక్స్ ఇంట్లో అందరూ స్టూడెంట్సే అయితే ఉండదు, బ్యాంకేమో యాప్ తప్ప కాగితం పంపదు. నా సలహా ఒకటే, దిగిన కొత్తలోనే ప్రొవిజనల్ లైసెన్స్ తీసుకోండి. ఆన్‌లైన్లో 34 పౌండ్లు, 185 రోజులు ఇక్కడ ఉండటానికి పర్మిషన్ ఉంటే చాలు, కారు నడిపే ఉద్దేశం లేకపోయినా సరే. దాని మీద ఫోటో, పుట్టిన తేదీ, అడ్రస్ మూడూ ఉంటాయి, ఒక్క కార్డుతో సగం గొడవ తీరిపోతుంది.

కానీ ఇల్లు మారినప్పుడు కార్డు మీద అడ్రస్ మార్పించుకోండి. ఉచితమే, మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు, పైగా పాత అడ్రస్ ఉన్న లైసెన్స్ నా టేబుల్ మీద పెడితే దాన్ని తీసుకోను.

బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇంట్లో ప్రింట్ తీసి తేవొద్దు, ఇంటర్నెట్ ప్రింట్లు ఒప్పుకోరు. యాప్‌లో పోస్టల్ స్టేట్‌మెంట్ అని ఆప్షన్ ఉంటుంది, లేదంటే బ్యాంకుకి ఫోన్ చేసి పంపించమనండి. వారం పది రోజులు పడుతుంది, ఇంటర్వ్యూ ఉందని తెలిసిన రోజే అడిగేయండి.

## 5. ఫారమ్ నింపడం

ఇప్పుడు తెరవండి. పక్కన పాస్‌పోర్టు, మీరు రాసుకున్న పేర్ల కాగితం, అడ్రస్ కాగితం. ఫోన్లో బస్సెక్కి చెయ్యొద్దు, ఆటోఫిల్ పాత అడ్రస్ తోసేస్తుంది, చాలామందికి అలాగే తప్పు పోయింది.

వరస ఇలా ఉంటుంది: పేరు, పాత పేర్లు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పౌరసత్వం, అడ్రస్సులు, తర్వాత శిక్షల గురించి ప్రశ్న, చివర డిక్లరేషన్.

పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. అందులో గుంటూరు అని ఉంటే మీరు తెనాలిలో పుట్టినా గుంటూరే.

ఎంప్లాయర్ నింపే భాగం మీకు కనబడుతుంటే మూడు గడులు కళ్ళతో చూడండి.

మొదటిది, వర్క్‌ఫోర్స్. పెద్దవాళ్ళ కేర్‌లో చేరుతూ చైల్డ్ వర్క్‌ఫోర్స్ అని పడితే సర్టిఫికెట్ వచ్చాక కూడా పనికిరాదు.

రెండోది, మీ ఇంట్లోనే ఈ పని చేస్తారా అన్న ప్రశ్న. చైల్డ్‌మైండర్లకి, అంటే తమ ఇంట్లోనే వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకునేవాళ్ళకి, అవును. కేర్ హోమ్‌కి వెళ్ళేవాళ్ళకి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కేర్ చేసేవాళ్ళకి, కాదు. "డొమిసిలియరీ కేర్ అంటే ఇంటిదగ్గరే కదా" అని అవును కొట్టినవాళ్ళని చూశా, అది క్లయింట్ ఇల్లు, మీ ఇల్లు కాదు. చైల్డ్‌మైండర్ అవ్వాలనుకునేవాళ్ళు ఇంట్లో 16 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ చెక్ ఉంటుందని గుర్తుంచుకోండి, పైన గది అద్దెకిచ్చిన కుర్రాడితో సహా.

మూడోది, వాలంటీరా అన్నది. నిజమైన వాలంటీర్‌కి స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ చెక్ ఫీజు లేదు. కానీ బస్సు చార్జీల్లాంటివి తప్ప ఇంకేం తీసుకోకూడదు. కోర్సులో భాగంగా ప్లేస్‌మెంట్ చేస్తుంటే జీతం లేకపోయినా వాలంటీర్ కిందకి రారు. ఫీజు మిగులుతుందని ఆ గడి టిక్ చేయించుకోవద్దు.

పంపే ముందు మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

## 6. ఐడీ చూపించే రోజు

ఒరిజినల్స్ తీసుకెళ్ళండి, అంతే. వీడియో కాల్‌లో చూసేవాళ్ళయితే ఆ ఒరిజినల్సే ముందుగా వాళ్ళకి చేరాలి, అంటే కాల్ టైమ్‌లో అవి వాళ్ళ చేతిలో ఉండాలి, కెమెరా ముందు మీరు ఊపితే సరిపోదు.

మూడు అడిగితే నాలుగైదు తీసుకెళ్ళండి. ఒకటి తేదీ దాటిపోయిందనో పేరు కుదర్లేదనో పక్కన పెడితే ఇంకోటి తియ్యొచ్చు, మళ్ళీ సెలవు పెట్టి రెండు బస్సులు మారి రానక్కర్లేదు.

## 7. పంపాక ఎక్కడుందో చూసుకోవడం

ఫారమ్ రెఫరెన్స్ నంబర్, పుట్టిన తేదీ కొడితే ఆన్‌లైన్లో స్టేజ్ కనిపిస్తుంది. ఐదు స్టేజీలు:

1. అప్లికేషన్ అందింది, తప్పులున్నాయా చూస్తున్నారు
2. పోలీస్ నేషనల్ కంప్యూటర్‌లో వెతుకుతున్నారు
3. బార్డ్ లిస్టులు చూస్తున్నారు
4. లోకల్ పోలీసులు వాళ్ళ రికార్డులు చూస్తున్నారు
5. ప్రింట్ చేసి పోస్ట్ చేస్తున్నారు

కొందరికి వారంలో వస్తుంది, కొందరికి నెల దాటుతుంది. ఆగేది ఎక్కువగా నాలుగులోనే, మీరు ఉన్న ప్రతి ఏరియా పోలీసుల దగ్గరికీ అది వెళ్ళొచ్చు, ఇళ్ళు ఎన్ని మారితే అంత లేటు. నాలుగులో ఆగిందంటే మీ మీద ఏదో ఉందని కాదు, రాత్రంతా నిద్ర మానేసి రిఫ్రెష్ కొట్టొద్దు, క్యూ పెద్దదంతే. 60 రోజులు దాటినా కదలకపోతే అప్పుడు ఎస్కలేట్ చెయ్యమని అప్లికేషన్ పంపినవాళ్ళని అడగండి.

మధ్యలో డీబీఎస్ నుంచి ఏదైనా అడుగుతూ మెయిల్ వస్తే వెంటనే జవాబివ్వండి. స్పామ్ ఫోల్డర్ చూస్తూ ఉండండి.

మేనేజర్ తొందరపెడుతుంటే, పెద్దవాళ్ళ కేర్‌లో అడల్ట్ ఫస్ట్ అని ఒకటుంది. నిషేధ జాబితా ఒక్కటి ముందు చూసి చెప్తారు, దాంతో సర్టిఫికెట్ వచ్చేదాకా పర్యవేక్షణలో పని మొదలుపెట్టించొచ్చు. అడిగేది ఎంప్లాయరే, మీరు కాదు.

## 8. సర్టిఫికెట్ వచ్చాక 30 రోజులు

కాగితం మీకే వస్తుంది, ఎంప్లాయర్‌కి కాపీ రాదు. ఏడుగురు ఉండే ఇంట్లో తలుపు దగ్గర పిజ్జా కాగితాల కుప్పలో నెలరోజులు పడున్న సర్టిఫికెట్ ఒకటి నాకు తెలుసు, ఆ అబ్బాయి ఈలోగా డీబీఎస్‌ని తిట్టని తిట్టు లేదు. స్టేజ్ ఐదు కనబడగానే రోజూ ఆ కుప్ప వెతకండి.

రాగానే పేరు, పుట్టిన తేదీ, వర్క్‌ఫోర్స్ చదవండి. తప్పుంటే, లేదా మీది కాని రికార్డు ఏదైనా దాని మీద ఉంటే, ఇచ్చిన తేదీ నుంచి 3 నెలల్లో డిస్ప్యూట్ పెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం, అప్‌డేట్ సర్వీస్. సర్టిఫికెట్ మీద తేదీ నుంచి 30 రోజుల్లోపు చేరాలి, ఏడాదికి 16 పౌండ్లు, వాలంటీర్లకి ఉచితం. ఇది ఉంటే ఇంకో ఏజెన్సీకి మారినప్పుడు మళ్ళీ 49.50 పెట్టి నెల ఆగక్కర్లేదు, వాళ్ళు మీ పర్మిషన్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా స్టేటస్ చూసుకుంటారు. కేర్‌లో మనవాళ్ళు రెండు మూడు ఏజెన్సీల్లో షిఫ్టులు చేస్తారు కాబట్టి ఈ 16 పౌండ్ల దగ్గర పీనాసితనం వద్దు.

దీంట్లో మూడు మెలికలున్నాయి:

- లెవెల్, వర్క్‌ఫోర్స్ రెండూ సరిపోవాలి. అడల్ట్ సర్టిఫికెట్‌తో నర్సరీలో చేరలేరు.
- ఒరిజినల్ కాగితం కూడా కొత్తవాళ్ళకి చూపించాలి. పోతే పాతదానికి కాపీ ఇవ్వరు, కొత్త చెక్కే. లామినేట్ చెయ్యకుండా కవర్లో పెట్టి పాస్‌పోర్టు పక్కన దాచండి.
- ఆటో రెన్యువల్ పెట్టినా బ్యాంక్ కార్డు గడువు అయిపోతే డబ్బు కట్ అవ్వదు, సభ్యత్వం పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. కార్డు మారిన రోజే అక్కడా మార్చండి.

సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. ఆ రోజుకి ఉన్న సంగతి అది చెప్తుంది, ఎన్నాళ్ళకి మళ్ళీ అడగాలో ఎంప్లాయర్ ఇష్టం.

## 9. పాత కేసు ఏదైనా ఉంటే

దీని గురించి అడిగేవాళ్ళు విడిగా మెసేజ్ పెడతారు, గొంతు తగ్గించి. భయపడకండి, ముందు అది ఏంటో తేల్చుకోండి.

స్పీడింగ్ ఫైన్, అంటే ఇంటికొచ్చిన ఫిక్స్‌డ్ పెనాల్టీ, నేరశిక్ష కాదు. కానీ కోర్టుకి వెళ్ళి శిక్ష పడితే అది శిక్షే. ఇండియన్ లైసెన్స్ ఇక్కడ 12 నెలలే చెల్లుతుంది, అది దాటాక డెలివరీ పనికి నడిపి, ఇన్సూరెన్స్ చెల్లక కోర్టు దాకా పోయినవాళ్ళు ఉన్నారు.

కాషన్ అంటే పోలీస్ స్టేషన్లో "సంతకం పెట్టి వెళ్ళిపో" అన్నది. మనవాళ్ళు బతికిపోయాం అనుకుని పెట్టేస్తారు. అది తప్పు ఒప్పుకున్నట్టు, ఎన్‌హాన్స్‌డ్‌లో కనబడుతుంది. సంతకం ముందు స్టేషన్లో ఉచితంగా ఇచ్చే లాయర్‌ని అడగండి, అది మీ హక్కు.

ఏళ్ళు గడిస్తే కొన్ని ఫిల్టర్ అయిపోతాయి. పెద్దయ్యాక పడిన కాషన్ 6 ఏళ్ళకి, జైలు లేని శిక్ష 11 ఏళ్ళకి, 18 లోపు పడిన అలాంటి శిక్ష ఐదున్నర ఏళ్ళకి. హింస, లైంగిక నేరాలు లాంటి ప్రత్యేక జాబితాలోవి మాత్రం ఎప్పటికీ పోవు.

ఫిల్టర్ అయినవి చెప్పక్కర్లేదు. ఫిల్టర్ కానిది ఉండి ఫారమ్‌లో లేదు అని కొడితే, రికార్డు వల్ల కాదు, అబద్ధం వల్ల ఉద్యోగం పోతుంది. కాగితం రాకముందే మేనేజర్‌తో కూర్చుని ఎప్పుడు, ఏంటి, ఏం శిక్ష, తర్వాత ఏం మారింది అని నాలుగు ముక్కల్లో చెప్పండి. రికార్డు ఉందని తిప్పి పంపాలని రూలేం లేదు, ఎంప్లాయర్ ఆలోచించి తేల్చాలి. బార్డ్ లిస్టులో ఉంటే మాత్రం వేరే లెక్క, ఉండి ఆ పనికి చేరడమే నేరం, 5 ఏళ్ళ దాకా జైలు.

## 10. ఇండియా రికార్డు దీంట్లో రాదు

డీబీఎస్‌వాళ్ళు ఇండియా పోలీసుల రికార్డులు చూడరు. అందుకే నిన్న దిగినవాళ్ళ డీబీఎస్ ఖాళీగా వచ్చినా మంచి ఎంప్లాయర్ పీసీసీ, అంటే ఇండియా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాడు.

హెల్త్ అండ్ కేర్ వీసాకి పెట్టుకునేవాళ్ళు 18 దాటాక, గడిచిన 10 ఏళ్ళలో 12 నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ప్రతి దేశం నుంచీ ఇలాంటి సర్టిఫికెట్ ఇవ్వాల్సి రావచ్చు. మధ్యలో దుబాయ్‌లో రెండేళ్ళు చేసుంటే అక్కడిది కూడా.

ఇండియాలో ఉంటే పాస్‌పోర్ట్ సేవా సైట్లో పెట్టాలి, ఫీజు 500 రూపాయలు, స్లాట్ తీసుకుని ఒరిజినల్స్‌తో వెళ్ళాలి. పాస్‌పోర్టు మీద పాత అడ్రస్ ఉండి ఇప్పుడు వేరేచోట ఉంటే పోలీస్ వెరిఫికేషన్ మళ్ళీ పడి లేటవుతుంది. ఇక్కడికొచ్చాక అయితే ఇండియా హై కమిషన్ తరఫున అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ ద్వారా పెట్టుకోవాలి, వారాలు పట్టొచ్చు. విమానం ఎక్కకముందే తెచ్చుకోవడం సుఖం.

## 11. మీరే మనుషుల్ని తీసుకునేవాళ్ళయితే

వీకెండ్ తెలుగు క్లాసులు, డాన్స్ క్లాసులు, గుడిలో పిల్లల ప్రోగ్రాములు నడిపేవాళ్ళ కోసం ఇది. "మనవాళ్ళే కదా, వాళ్ళ నాన్నగారు నాకు తెలుసు" అన్న మాట నాకు వినీ వినీ విసుగొచ్చింది. పిల్లలతో వారం వారం ఉండేవాళ్ళందరికీ ఒకటే రూల్ పెట్టండి, కమిటీ ప్రెసిడెంట్‌తో మొదలుపెట్టండి, అప్పుడు ఎవరూ నొచ్చుకోరు.

- చిన్న సంస్థ అయితే అంబ్రెల్లా బాడీ ద్వారా వెళ్ళండి. సొంతంగా రిజిస్టర్ అవ్వక్కర్లేదు.
- ఎవరికి ఏ లెవెల్‌కి అర్హత ఉందో గవర్నమెంట్ సైట్లో ఎలిజిబిలిటీ టూల్‌లో చూడండి. సమోసాలు సర్దే ఆంటీకి ఎన్‌హాన్స్‌డ్ పెట్టకూడదు, అర్హత లేని పోస్టుకి ఉందని తెలిసి రాయడం నేరం.
- వాట్సాప్‌లో వచ్చిన ఫోటో తీసుకోకండి. ఒరిజినల్ చేతిలోకి తీసుకుని చూడండి, అప్‌డేట్ సర్వీస్ ఉంటే అక్కడ కూడా కొట్టి చూడండి.
- నంబర్, తేదీ, లెవెల్ ఒక షీట్లో రాసుకుని కాగితం తిరిగిచ్చేయండి. కాపీలు 6 నెలలకి మించి ఉంచకూడదు, షేర్డ్ గూగుల్ డ్రైవ్‌లో అసలు పెట్టొద్దు.
- ఇద్దరు రిఫరెన్సులకి నిజంగా ఫోన్ చెయ్యండి. "పిల్లలతో ఈయన్ని ఒంటరిగా వదులుతారా" అని సూటిగా అడగండి, జవాబు కన్నా ముందొచ్చే ఆ రెండు సెకన్ల మౌనం వినండి.

సర్టిఫికెట్ ఖాళీగా ఉందంటే ఇంతవరకు పట్టుబడలేదని మాత్రమే. అందుకే మా క్లాసులో గది తలుపు తెరిచే ఉంచుతాం, ఒక్క పెద్దమనిషితో ఒక్క పిల్లాణ్ణి వదలం, ఎవరైనా ఇబ్బందిగా అనిపిస్తే ఎవరికి చెప్పాలో ఆ పేరు పిల్లలకి కనబడేలా తెలుగులో ఇంగ్లీషులో రాసి గోడకి అతికించాం.